ఆదివారం పాయింట్లు

"ఇక్కడ రెండు తీగలున్నాయండీ," అన్నాడు హ్యూ ప్రోబర్ట్, కారు బానెట్ కింద నుంచి తల ఎత్తకుండానే.

"ఉంటాయి. నేనే పెట్టాను," అంది కారు గల అమ్మాయి.

"ఒక్కటే ఉండాలి. ఈ కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున డిస్ట్రిబ్యూటర్ నుంచి కాయిల్‌కి ఒక్క తీగే ఉండేది. రెండున్నాయంటే లోపల పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించారన్నమాట."

"అన్నమాటేంటి, అడిగితే నేనే చెప్పేదాన్ని. దొంగతనంగా ఏమీ పెట్టలేదే."

"మార్కులు తగ్గుతాయి."

"తగ్గించుకోండి. వానలో ఒక్క తిప్పుకే స్టార్టయితే ఏమైనా మార్కులున్నాయా?"

హ్యూ చేతిలోని మార్కుల అట్టవైపు చూశాడు. "ఆ గడి లేదు."

"పెట్టించండి. పనికొచ్చే గడి అదొక్కటే," అని ఆ అమ్మాయి బానెట్ దించేసింది. హ్యూ సమయానికి తల వెనక్కి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆమె పేరు కెరిస్ బీవన్. కింగ్టన్ చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నిటికీ మంత్రసాని. తాతగారిచ్చిన ముదురాకుపచ్చ ఎంజీ ఆమెది. రెండు సీట్లు, గుడ్డ టాప్, అరవైల నాటి బండి. ఒక తలుపు రంగు మరో తలుపు రంగుతో కలవదు. అందులోనే కాన్పులకి తిరుగుతుంది, అందులోనే సరుకులు తెచ్చుకుంటుంది. పోటీకి తెచ్చింది కూడా స్నేహితులు బలవంతం చేస్తేనే.

హ్యూ ఆ పోటీ పెట్టిన పాత కార్ల క్లబ్బులో న్యాయనిర్ణేత. వృత్తి పియానోలు శ్రుతి చేయడం. అతనికీ ఎంజీ ఉంది. తెల్లది. బోల్టు దగ్గర నుంచి బల్బు దాకా ఏదీ మారలేదు.

"మీదెక్కడుంది?" అని అడిగింది కెరిస్, వెళ్ళబోతూ ఆగి.

అతను పోటీ మైదానం చివర చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"అందంగా ఉంది. ఎక్కడెక్కడికి వెళ్తుంటారు దాంట్లో?"

సులువైన ప్రశ్నే. షెడ్డు నుంచి ఈ మైదానానికి, మైదానం నుంచి షెడ్డుకి. ఆ మాట పైకి చెప్పడానికి నోరు రాక, "దగ్గర్లోనే," అన్నాడు.

సాయంత్రానికి వాన అందుకుంది. అది హెర్‌ఫర్డ్‌షైర్ వాన, సన్నగా మొదలై వెళ్ళాలనిపించినప్పుడే వెళ్తుంది. కార్లన్నీ బురదలో జారుకుంటూ గేటు దాటుతున్నాయి. తెల్ల ఎంజీ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఊరుకుంది.

పచ్చ కారు పక్కన వచ్చి ఆగింది. కెరిస్ అద్దం దించింది. "జడ్జి గారూ, తాడు కావాలా?"

"అక్కర్లేదండీ. కాస్త తడి ఆరితే అదే అందుకుంటుంది."

"ఆరడం ఆగస్టులో కదా. అంతదాకా ఇక్కడే కూర్చుంటారా?"

హ్యూకి నవ్వాపుకోవడం కష్టమైంది. ఆమె ఫ్లాస్కు ఎత్తి చూపించింది. అతను వెళ్ళి ఆమె కారులో కూర్చున్నాడు. గుడ్డ టాపు కుట్టులోంచి ఒక్కో చుక్కా అతని ఎడమ మోకాలి మీద పడుతోంది. ఇంజను ఆపకుండానే ఉంచింది ఆమె. దాని చప్పుడు విని అతను తల వంచాడు, పియానో దగ్గర వంచినట్టు.

"ఏమిటి వింటున్నారు?"

"నాలుగు సిలిండర్లూ ఒకే రకంగా కొడుతున్నాయి. మా బండి ఇలా కొట్టి చాలా రోజులైంది."

"మరి ఎందుకు మార్చరు? అది మూత కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. మీలాంటి వాళ్ళకి తప్ప."

"ఆదివారాలు పోతాయి," అన్నాడు హ్యూ.

ఆమెకి అర్థం కాలేదు. అతను చెప్పనూ లేదు.

*

తర్వాతి నెలలో ఊరి హాలులో పియానో శ్రుతి చేయడానికి వెళ్తే, పక్క గదిలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి శ్వాస ఎలా తీసుకోవాలో నేర్పుతూ కనిపించింది కెరిస్.

"మీరు ఒకే మెట్టు టంగుటంగుమని కొడుతుంటే వీళ్ళంతా దానికి తగ్గట్టు ఊపిరి పీలుస్తున్నారు. ఒకావిడకి కళ్ళు తిరిగాయి," అంది వచ్చి.

"క్షమించండి. ఆ మెట్టు మొండిది."

"పూర్తయ్యాక నాకు టీ ఇప్పించండి. పరిహారం."

టీ ఇప్పించాడు. తర్వాతి వారం ఆమె ఇప్పించింది. 'అండి' ఎప్పుడు రాలిపోయిందో ఇద్దరూ గమనించలేదు. వేసవి పొడుగునా సాయంత్రాలు ఆమె పచ్చ కారులో కొండల మీదికి వెళ్ళేవారు. దారికడ్డంగా గొర్రెలు నిలబడితే ఇంజను ఆపి, అవి తప్పుకునేదాకా కబుర్లు చెప్పుకునేవారు. గొర్రెలు తప్పుకున్నాక కూడా ఇంకాసేపు.

అలాంటి ఒక సాయంత్రం ఆదివారాల సంగతి చెప్పాడు హ్యూ.

డిస్ట్రిబ్యూటర్ మూత కింద గోరంత లోహపు ముక్కలు రెండుంటాయి. అవే పాయింట్లు. అవి విడిపోయిన ప్రతిసారీ ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. వాటి మధ్య సందు పలుచని రేకు దూరేటంత ఉండాలి, అంతకన్నా ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. అరిగేకొద్దీ అది మారిపోతుంది. మళ్ళీ సరిచేయాలి.

తెల్ల ఎంజీని కొన్నది హ్యూ నాన్న ఐవర్. అప్పట్లో కుర్ర పోస్ట్‌మ్యాన్. భార్యని పెళ్ళికి ముందు తిప్పింది అందులోనే. ఆమె పోయాక తాళం చెవి కొడుకు చేతిలో పెట్టి, "నాకింక ఎందుకురా," అన్నాడు. అన్నాడే గాని ఆదివారం పొద్దున్నే టోపీ పెట్టుకుని కొడుకు షెడ్డుకి వచ్చాడు, పాయింట్లు చూద్దామని. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వస్తూనే ఉన్నాడు.

"మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకునే మనుషులం కాదు," అన్నాడు హ్యూ. "అమ్మ ఉన్నప్పుడు మాటలన్నీ ఆవిడవే. ఇప్పుడు ఆయన వంగి సందు చూస్తాడు, నేను దీపం పట్టుకుంటాను. 'కొంచెం ఎక్కువైందిరా' అంటాడు, 'అయింది నాన్నా' అంటాను. అదే మా సంభాషణ. నీ ఎలక్ట్రానిక్ సామాను పెట్టేస్తే సరిచేయడానికి ఏమీ ఉండదు. ఆయన ఎందుకొస్తాడు?"

కెరిస్ అతన్ని ఆటపట్టించలేదు. ఆ తర్వాతి ఆదివారం తనే షెడ్డుకి వచ్చి ఐవర్‌తో పాటు కూర్చుని టీ తాగింది. ఐవర్ ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "తలుపు రంగు కలవలేదమ్మాయ్," అన్నాడు.

"మీ అబ్బాయి దానికీ మార్కులు తీసేశాడు."

"వాడికి చిన్నప్పటి నుంచీ అంతే. మా ఆవిడ చేసిన కేకుకి కూడా వంకలు పెట్టేవాడు."

హ్యూ నాన్న నోట అన్ని మాటలు వినడం చాలా కాలం తర్వాత అదే మొదటిసారి.

*

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం. గ్లాడెస్ట్రీ ప్రార్థనాలయంలో పియానో ముందు ఉన్నాడు హ్యూ. ఫోను మోగింది.

"ఎక్కడున్నావు?" అంది కెరిస్. "నా బండి క్లచ్చు విప్పి పెట్టారు గ్యారేజీలో. పైన కొండ మీద ఫామ్‌లో కాన్పు. రెండోది, తొందరగా అయ్యేలా ఉంది. ఆంబులెన్స్ హెర్‌ఫర్డ్ నుంచి రావాలట. నేను కింగ్టన్ సెంటర్లో ఉన్నాను, బస్సు దిగే చోట."

"అక్కడే ఉండు. వస్తున్నా."

తెల్ల ఎంజీ ఆ వేళ చెప్పినట్టు విన్నది. కెరిస్ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి ఎత్తుకు తిరిగింది. వాన మొదలైంది. హ్యూకి లోపల్లోపల గర్వంగా కూడా ఉంది, ఈ బండి ఇన్నాళ్ళకి ఒక పని మీద వెళ్తున్నందుకు.

కొండ సగం ఎక్కాక ఇంజను ఒక్కసారి పొలమారినట్టు అయి ఆగిపోయింది.

తాళం తిప్పాడు. తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పాడు.

"ఎంతసేపు పడుతుంది?" అంది కెరిస్.

"తెలీదు."

"నీ కారు గురించి నీకు తెలీదా?"

"చూడాలి కెరిస్, విప్పి చూస్తేగాని..."

ఆమె అప్పటికే తలుపు తీసింది. సంచీ భుజానికి తగిలించుకుంది. గొంతు పెంచలేదు. "ఇది నీకు బొమ్మ, హ్యూ. బొమ్మలు దాచుకోవడం తప్పేం కాదు. కానీ ఇందులో నన్నెక్కించుకోకుండా ఉండాల్సింది."

వానలో కొండ దారిని పైకి నడుస్తూ వెళ్ళిపోయింది. వంపు తిరిగేదాకా ఆమె పసుపు కోటు కనిపించింది.

హ్యూ మూత విప్పాడు. వాననీళ్ళు లోపల పడకుండా ఒంటిని అడ్డం పెట్టి చూశాడు. పాయింట్లు రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. సందే లేదు. వాటిని బిగించే మర వేలితో తాకితే గిర్రున తిరిగింది.

ఆ మర మొన్న ఆదివారం నాన్న బిగించాడు. హ్యూ దీపం పట్టుకుని పక్కనే ఉన్నాడు. నాన్న స్క్రూడ్రైవర్ తిప్పాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు, "అయింది," అన్నాడు. బిగుసుకుందో లేదో ఆయన వేళ్ళకి తెలియలేదు. తెలిసినట్టు నటించాడు.

అది అర్థమయ్యాక కూడా హ్యూ వెంటనే కదల్లేకపోయాడు. వాన మెడ మీద పడుతోంది. ఇన్ని ఆదివారాలు తను దీపం వెలుతురు పాయింట్ల మీదే ఉండేలా చూసుకున్నాడు. చేతుల మీదికి ఒక్కసారీ తిప్పలేదు.

జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి, దాని మందానికి సందు పెట్టి, మర గట్టిగా బిగించాడు. ఇంజను అందుకుంది.

ఫామ్ ముంగిట బండి ఆపేసరికి లోపలి నుంచి పసికందు ఏడుపు వినపడింది. హ్యూ గడప బయటే నిలబడ్డాడు. కాసేపటికి కెరిస్ బయటికొచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

"ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం," అంది. అతని ముఖం చూసి, "అంత మాట అనాల్సింది కాదు," అంది.

"ఉన్నమాటే అన్నావు."

"ఉన్నమాటే. అయినా అనాల్సింది కాదు. ఏమైంది బండికి?"

తిరుగు దారిలో చెప్పాడు. "ఆ మర బిగించింది మా నాన్న," అన్న ఒక్క ముక్క చెప్పడానికి కొండ మొత్తం దిగాల్సొచ్చింది.

"నాకు ముందే అనుమానం వచ్చింది," అంది కెరిస్. "ఆ రోజు షెడ్డులో టీ పొగలు కక్కుతోంది. నేను కప్పు ముట్టుకోలేకపోయాను. ఆయన రెండు అరచేతులతో పట్టుకుని హాయిగా కూర్చున్నాడు. వేళ్ళు మొద్దుబారి ఉంటాయి."

"నాకు చెప్పలేదే?"

"ఆయన చెప్పాలనుకోని సంగతి నేనెలా చెప్తాను?"

"ఇప్పుడు నేనేం చేయను? నీ సామాను పెట్టేస్తే బండి బాగుంటుంది. కానీ దానర్థం ఆయనకి తెలిసిపోతుంది. నువ్వింక పనికిరావు నాన్నా అని చెప్పినట్టే."

"అడుగు."

"ఏమని అడగను?"

"నాకేం తెలుసు? ఆయన మీ నాన్న. ఇన్ని ఆదివారాలూ అడగనిది ఏదో ఉంటుంది కదా. అది అడుగు."

*

ఆదివారం ఐవర్ టోపీతో వచ్చాడు. బానెట్ ఎత్తాడు. చెయ్యి చాచి, "స్క్రూడ్రైవర్," అన్నాడు.

హ్యూ ఇవ్వలేదు. "నాన్నా, నీ వేళ్ళకి ఏమైంది?"

ఐవర్ చాచిన చేతిని కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మర ఊడింది, కొండ మీద."

"ఆ అమ్మాయి ఉందా బండిలో?"

"ఉంది. నడిచి వెళ్ళింది. వానలో."

ఐవర్ తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. "పోయిన చలికాలం నుంచి. డాక్టరు చూశాడు. నరాలట. ప్రాణానికేం లేదు, బండి నడపొచ్చన్నాడు. చిన్న చిన్న వస్తువులు మాత్రం తెలియవు. గుండీలు, చిల్లర, ఇదిగో ఈ మరలు."

"చెప్పొచ్చు కదా నాన్నా."

"చెప్తే నువ్వే బిగించేసుకుంటావు. ఇంక నన్నెందుకు పిలుస్తావు?"

హ్యూ దీపం కింద పెట్టాడు. "నేనూ అందుకే ఇవి మార్చలేదు. మారిస్తే నువ్వు రావని."

ఐవర్ తల ఎత్తి కొడుకుని చూశాడు. నవ్వు ముందు భుజాల్లో మొదలై తర్వాత ముఖంలోకి వచ్చింది.

"ఒరేయ్, ఈ పాయింట్లంటే నాకు ఎంత చిరాకో తెలుసా? మీ అమ్మని మొదటిసారి సినిమాకి తీసుకెళ్తుంటే సగం దారిలో ఆగిపోయాయి. చేతులు నల్లగా చేసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ రోజుల్లో ఆ అమ్మాయి దగ్గరున్నటువంటిది దొరికితే రెండో రోజే పెట్టించేవాణ్ణి."

"మరి ఇన్నేళ్ళూ..."

"నీకిష్టమనుకున్నాను. మార్కులు మార్కులంటావు కదా."

ఐవర్ బండి వైపు తల ఊపాడు. "పిలువు ఆ అమ్మాయిని."

కెరిస్ వచ్చింది. తన దగ్గర అదనంగా ఉన్న ఇగ్నిషన్ సామాను తెచ్చింది. అరచేతిలో పట్టే నల్ల పెట్టె, దాంతో పాటు డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ కింద తొడిగే అయస్కాంతపు ఉంగరం. హ్యూ పాయింట్లు విప్పాడు. ఎర్ర తీగ కాయిల్‌కి తగిలించబోతుంటే ఐవర్ లేచి నిలబడ్డాడు.

"ఆగండి. అమ్మాయ్, నీ బండి ఏ ఏడాదిది?"

"అరవై తొమ్మిది."

"ఇది అరవై నాలుగుది. అప్పట్లో బ్యాటరీ తిరగేసి ఉండేది. ప్లస్సు వైపు బండి ఒంటికి తగిలిస్తారు. నీ సామాను దీనికి పెడితే తాళం తిప్పగానే కాలిపోతుంది."

కెరిస్ బ్యాటరీ వైపు వంగి చూసింది. నిజమే. "నా బండి దాన్ని చూసి చూసి అన్నీ ఒకటే అనుకున్నాను," అంది. "నువ్వైనా చూడలేదేంటి, జడ్జి గారూ?"

"నేను నిన్ను చూస్తున్నాను," అన్నాడు హ్యూ. అనేశాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఐవర్ టోపీ తీసి లోపలి అంచుని శ్రద్ధగా పరీక్షించసాగాడు.

సరైనది తెప్పించి తర్వాతి ఆదివారం బిగించారు. మరలన్నీ హ్యూ బిగించాడు. నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా మిణుకుమనే టైమింగ్ దీపం ఐవర్ పట్టుకున్నాడు. ఇంజను ముందు తిరిగే కప్పీ మీద గీత ఎక్కడ నిలుస్తోందో చూస్తూ, "కొంచెం ఇటు, ఇంకొంచెం, చాలు," అన్నాడు. ఆ పనికి వేళ్ళ చివర్లు అక్కర్లేదు, కళ్ళు చాలు. కెరిస్ తాళం తిప్పింది. ఇంజను అందుకున్న తీరు విని హ్యూ తల వంచాడు, అలాగే ఉండిపోయాడు.

"బాగుందా?" అంది కెరిస్.

"శ్రుతిలో ఉంది."

*

ఆ తర్వాతి ఆదివారం సరిచేయడానికి ఏమీ లేదు. అయినా ఐవర్ వేళకే వచ్చాడు. తండ్రీ కొడుకులు టీ తాగారు. బానెట్ ఎత్తి చూశారు. దించారు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు హ్యూ.

"నడిచే బండి ఉంటే మనుషులు ఏం చేస్తారురా? ఎక్కడికైనా వెళ్తారు. నాకు సముద్రం చూడాలనుంది."

కెరిస్‌కి ఆ రోజు సెలవు. క్లచ్చు బాగై పచ్చ కారూ వచ్చింది. రెండు కార్లూ రెండేసి సీట్లవి కాబట్టి ఎవరు ఎందులో అని తర్జనభర్జన పడితే, ఐవర్ పచ్చ కారు తలుపు తీసి కూర్చున్నాడు. "ఈ అమ్మాయితో నాకు పనుంది," అన్నాడు.

వేల్స్ కొండలు దాటి అబెరిస్టివిత్ దాకా సాగిన దారిలో హ్యూ ఒంటరిగా తెల్ల కారు నడుపుతూ, ముందు పచ్చ కారులో రెండు తలలు ఒకదాని వైపు ఒకటి వంగి మాట్లాడుకోవడం చూస్తూనే ఉన్నాడు. దారిలో రెండు జల్లులు పడ్డాయి. బండి పట్టించుకోలేదు.

సముద్రం ఒడ్డున గోడ మీద ముగ్గురూ చిప్స్ తిన్నారు. కెరిస్ నీళ్ళ దాకా వెళ్తానని బూట్లు విప్పింది. హ్యూ కోటు గోడ మీద వదిలి వెంట వెళ్ళాడు.

"దారంతా ఏం చెప్పాడు మా నాన్న?"

"నీ గురించి. చిన్నప్పుడు కేకుకి వంకలు పెట్టి, చివరికి మొత్తం నువ్వే తినేవాడివట. నీకు నచ్చింది చెప్పడం రాదట. ఓపిక పట్టమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పట్టడం అయిపోయింది, ఇంక చెప్పమనండి అన్నాను."

గాలి గట్టిగా వీస్తోంది. హ్యూకి పెద్ద మాటలు రావు. "కెరిస్, ఆ రోజు కొండ మీద నువ్వు నడిచి వెళ్తుంటే నాకు బండి కాదు, నువ్వే కనపడ్డావు. నీ వెనక పరిగెత్తాలనిపించింది. ఆగిపోయాను. ఇకమీద ఆగను. నువ్వు ఎక్కడికి వెళ్ళాలన్నా నేను తీసుకెళ్తాను. వానైనా సరే. నాకు నువ్వంటే ఇష్టం. చాలా."

"కాన్పులు తెల్లవారుజామున వస్తాయి."

"లేస్తాను."

"పియానోలు?"

"అవి పగలు కూడా ఉంటాయి."

ఆమె అతని చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. సముద్రపు ఉప్పూ చిప్స్ ఉప్పూ కలిసిన ముద్దు అది. అల వచ్చి అతని బూట్లు తడిపి పోయింది. అతను కదల్లేదు.

గోడ దగ్గరికి తిరిగొచ్చేసరికి ఐవర్ లేడు. చూస్తే తెల్ల కారు స్టీరింగ్ వెనక కూర్చుని, సీటు ముందుకు జరుపుకుంటున్నాడు. టోపీ సవరించుకున్నాడు. తాళం చెవి ఎప్పుడు తీసుకున్నాడో హ్యూకి తెలియదు, కోటు గోడ మీద వదిలి వెళ్ళాడు కదా.

"నాన్నా, నువ్వు నడుపుతావా?"

"డాక్టరు నడపొచ్చన్నాడని చెప్పానుగా. మీ అమ్మ పోయాక మళ్ళీ దీని స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇవాళ ముట్టుకుంటాను."

"ఒక్కడివే?"

ఐవర్ పక్క సీటు వైపు ఒకసారి చూశాడు. "ఒక్కణ్ణే వెళ్తాను. తొందరేం లేదు, మెల్లగా వెళ్తాను. మీరిద్దరూ ఆ పచ్చ బండిలో రండి. రాకపోయినా ఫర్వాలేదు, ఇక్కడ హోటళ్ళున్నాయి," అని కెరిస్ వైపు తిరిగాడు. "వాణ్ణి చూసుకో అమ్మాయ్. కొంచెం మొండి మెట్టు."

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఐవర్ అద్దంలో చూసుకుని, చెయ్యి బయటపెట్టి ఊపి, ఒడ్డు వెంట తెల్ల కారుని పోనిచ్చాడు. మలుపు దగ్గర వేగం తగ్గించాడు. గేరు మార్చిన చప్పుడు నున్నగా వినిపించింది.

"వెంట వెళ్దామా?" అంది కెరిస్.

హ్యూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కాసేపు ఆగుదాం. ఆయన్ని వెళ్ళనీ," అన్నాడు.